చీప్ అంటే అగ్గువే కదా, మరి ఆమెకు కోపం ఎందుకొచ్చింది?

ప్రశ్న: సార్, మాది నారాయణపేట. మా మామయ్య, మా ఆయన చీరలు నేస్తారు. నేను ఇంటర్ దాకా చదివాను. ఫోన్‌లో ఫొటోలు పెట్టి అమ్మే పని నాది. ఆర్డర్లు ఎక్కువగా హైదరాబాద్ నుంచి, అప్పుడొకటి అప్పుడొకటి బయటి దేశాల నుంచి వస్తాయి కాబట్టి వివరాలు ఇంగ్లీషులోనే రాస్తాను. పోయిన నెల ‘చీప్ నారాయణపేట్ కాటన్ శారీస్’ అని పెట్టాను. గృహప్రవేశానికి ఇరవై ఐదు చీరలు కావాలని అంతకుముందే అడిగిన ఒకామె అది చూసి, ‘పెట్టుపోతలకమ్మా, చీప్‌వి వద్దు’ అని మెసేజ్ పెట్టింది. మళ్లీ మాట్లాడలేదు. డిక్షనరీ చూస్తే చీప్ అంటే చవక అనే ఉంది. మా ఆయన ‘ఉన్నమాటే రాసినవ్ గదా, తప్పేముంది’ అంటాడు. ఇంజనీరింగ్ చదువుతున్న మా ఆడబిడ్డ కూతురు ‘అత్తా, ఇన్‌ఎక్స్‌పెన్సివ్ అని మార్చు’ అంటోంది. రెండింటికీ అర్థం ఒకటే అయినప్పుడు మార్చడం ఎందుకు? పోనీ ‘చీప్ అండ్ బెస్ట్’ అని రాస్తే సరిపోతుందా?

జవాబు: అమ్మా, మీ డిక్షనరీలో తప్పు లేదు. మీ ఆయన అన్నదాంట్లోనూ తప్పు లేదు. చీప్ అంటే చవకే, మన వైపు మాటలో అగ్గువే. కాకపోతే అది కొన్నవాళ్ల నోట్లో బాగుండే మాట, అమ్మేవాళ్ల నోట్లో బాగుండదు. ఆ హైదరాబాద్ ఆమే మీ చీరలు కొనుక్కుపోయి పక్కింటావిడకు చూపిస్తూ ‘చాలా చీప్‌గా దొరికాయి’ అని చెప్పి ఉంటే, అందులో ఆమె గొప్ప ఉండేది. బేరం తెలిసిన మనిషినని చెప్పుకున్నట్టు. అదే మాట మీరు రాసేసరికి ‘మా సరుకు అంతంత మాత్రమే’ అని మీ అంతట మీరే ఒప్పుకున్నట్టయింది.

ఇది ఇంగ్లీషువాళ్ల తిక్క అనుకోకండి. నేనుండే నల్లగొండలో గడియారం చౌరస్తా దగ్గర సాయంత్రం పూట బత్తాయి బండ్లు చూడండి. ‘అగ్గువ, అగ్గువ’ అని బండివాడు గొంతు చించుకుంటాడు. ఎవరూ ఏమీ అనుకోరు. ఎందుకంటే పండు చేతికందుతుంది. కొనేవాళ్లు బొటనవేలితో నొక్కి చూస్తారు, అరచేతిలో బరువు చూస్తారు, గోటితో తొక్క మీద గీరి వాసన చూస్తారు. నచ్చితే సంచిలో వేసుకుంటారు. అయితే ఆ పక్క బండివాడు సగానికి సగం ధర చెప్తే వెంటనే ఎగబడరు. ‘గింత అగ్గువకెందుకు ఇస్తున్నవయ్యా, పాతయా?’ అని అడిగి, గుట్ట అడుగున ఉన్న కాయలు పైకి తీసి చూస్తారు. అగ్గువ అనే మాటకు అనుమానం కూడా తోడొస్తుంది. ఆ అనుమానాన్ని తీర్చేది బొటనవేలు. మీ చీర ఫొటోలో ఉంది. అక్కడ నొక్కి చూసే వీలు లేదు. కొనేవాళ్లకు ఆధారం మీ మాట ఒక్కటే. ఆ మాటే చీప్ అయ్యింది.

అందుకే చీప్ అన్న ప్రతిచోటా తిట్టు కాదు. నాణ్యత ఎక్కడైనా ఒకటే ఉండే వస్తువులు కొన్ని ఉంటాయి. మొబైల్ డేటా చీప్, చలికాలం టమాటా చీప్, ఫలానా నెలలో విమానం టికెట్ చీప్ అంటే ధర సంగతే, ఇంకే అర్థమూ రాదు. వాడితే గానీ నాణ్యత బయటపడని వస్తువులు కొన్ని ఉంటాయి: బట్టలు, చెప్పులు, పరుపులు, లాడ్జి గది. అక్కడ చీప్ అనగానే మనసు ముందు నాణ్యత మీదికే పోతుంది. జనరిక్ మందులు తక్కువ ధరకే అమ్ముతారు కదా, ఏ మందుల షాపు మీదైనా ‘చీప్ మెడిసిన్స్’ అని బోర్డు చూశారా? చేనేతకైతే ఇంకో చిక్కు ఉంది. పోచంపల్లి డిజైన్‌ను మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి అగ్గువకు అమ్మడం మనందరికీ తెలిసిందే. చేనేత పేరు పక్కన చీప్ అన్న మాట కనబడితే, తెలిసిన కొనుగోలుదారుకు తట్టే మొదటి ఆలోచన ‘ఇది మగ్గం మీద నేసింది కాదేమో’ అని. ఆమె మీ ధరను తప్పుపట్టలేదు, మీ మగ్గాన్ని అనుమానించింది.

తెలుగులో ఈ తేడా మనం రోజూ పాటిస్తూనే ఉన్నాం, గమనించం అంతే. చౌక అంటే మంచిమాట. దానికి ‘బారు’ తగిలించి చౌకబారు అంటే తిట్టు. చౌకబారు విమర్శలు, చౌకబారు రాజకీయాలు అని పేపర్లో చదువుతూనే ఉంటాం. ఇంగ్లీషులో ఈ రెంటికీ చీప్ ఒక్కటే మాట. చీప్ టికెట్‌లో ఉన్నది చౌక, చీప్ జోక్‌లో ఉన్నది చౌకబారు. ఏది ఎప్పుడన్నది పక్కనున్న మాటను బట్టి తెలుసుకోవాలి. ఇక మనం తెలుగులోకి తెచ్చుకున్న చీప్ ఉంది చూశారా, దాంట్లో చౌక దాదాపు ఇంకిపోయి చౌకబారే మిగిలింది. ‘చీప్‌గా మాట్లాడకు’, ‘చీప్ ట్రిక్స్ వేయకు’, చీప్ లిక్కర్. మీ కొనుగోలుదారు చదివింది ఇంగ్లీషు చీప్ కాదు, ఈ తెలుగు చీప్. మీరు లండన్ ఆమెకు రాసి ఉంటే కొంచెం తక్కువ దెబ్బ తగిలేదేమో.

నాకూ ఒకసారి ఈ మాట దగ్గర అక్షింతలు పడ్డాయి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కాలేజీ హాస్టల్ కోసం విరాళాలు అడుగుతూ ఇంగ్లీషులో ఉత్తరం రాయమన్నారు. దూరం ఊళ్ల పిల్లలకు ‘చీప్ ఫుడ్’ పెడుతున్నామని గొప్పగా రాశాను. ప్రిన్సిపాల్ ఆ రెండు మాటల కింద ఎర్ర ఇంకుతో గీత గీసి, ‘పిల్లలకు నాసిరకం తిండి పెడుతున్నమని మనమే రాసిద్దమా?’ అన్నారు. నేను ఎం.ఏ. ఇంగ్లీషు. ఆయనది కెమిస్ట్రీ. ‘ఫుడ్ అట్ లో కాస్ట్’ అని దిద్ది సంతకం పెట్టారు. వారం రోజులు స్టాఫ్ రూంలో నా టీ గ్లాసు వచ్చినప్పుడల్లా ‘సార్‌కు చీప్ టీ’ అని నవ్వులు.

ఇక ‘చీప్ అండ్ బెస్ట్’ సంగతి. ఇది మన దేశపు ఇంగ్లీషు. ఇంగ్లండ్‌లో, అమెరికాలో ఇలా అనరు, వాళ్ల చెవికి విచిత్రంగా ఉంటుంది. ‘గుడ్ వాల్యూ’ అనో ‘వాల్యూ ఫర్ మనీ’ అనో అంటారు. కానీ ఈ మాటను ఎగతాళి చేయడం నాకు ఇష్టం ఉండదు, ఎందుకో చెప్తాను. చీప్ మొదట విశేషణమే కాదు, నామవాచకం. అర్థం బేరం, క్రయవిక్రయం. లాటిన్‌లో చిల్లర వర్తకుణ్ని, పూటకూళ్లు నడిపేవాణ్ని కౌపో అనేవారు, ఆ మాటే జర్మన్, డేనిష్, ఇంగ్లీషు భాషలకు పాకింది. లండన్‌లో చీప్‌సైడ్ అని ఒక పాత వీధి ఉంది. అగ్గువ వీధి అని కాదు, అంగడి వీధి అని దాని అర్థం. చాప్‌మన్ అంటే వర్తకుడు. ఫలానా ‘చాప్’ మంచివాడు అంటారే, ఆ చాప్ కూడా చాప్‌మన్ తోక తెగితే వచ్చిందే. డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ అంటే వర్తకుల రేవు, అందులో మొదటి సగం మన చీప్‌కు చుట్టం. తక్కువ ధర అని చెప్పాలంటే అప్పట్లో ‘గుడ్ చీప్’ అనేవారు, అంటే మంచి బేరం. పదహారో శతాబ్దం వచ్చేసరికి ముందున్న గుడ్ రాలిపోయి చీప్ ఒంటరిగా మిగిలింది. అండ పోయిన మాట కదా, ఆ శతాబ్దం చివరికల్లా విలువ లేనిది అన్న అర్థం కూడా అంటుకుంది. ఇన్ని వందల ఏళ్ల తర్వాత కోఠీ, అబిడ్స్ దుకాణదారులు చీప్ పక్కన బెస్ట్‌ను నిలబెట్టారు. ఒంటరి మాటకు మళ్లీ తోడు దొరికింది. కాబట్టి తెలిసినవాళ్లకు, మన ఊళ్లవాళ్లకు నోటితో చెప్పేటప్పుడు చీప్ అండ్ బెస్ట్ అనండి, ఏమీ కాదు. బయటి దేశాల వాళ్లకు రాతలో మాత్రం వద్దు.

మీ ఆడబిడ్డ కూతురు చెప్పిన ఇన్‌ఎక్స్‌పెన్సివ్ మాటకు వస్తాను. అర్థం ఒకటే కదా అన్నారు. ధర వరకు ఒకటే. ఇన్‌ఎక్స్‌పెన్సివ్ నాణ్యత జోలికి పోదు, ‘ఖరీదు ఎక్కువేం కాదు’ అని మాత్రమే అంటుంది. కాబట్టి పిల్ల చెప్పింది సరైనదే, దానివల్ల ఎవరికీ కోపం రాదు. అయితే ఆ మాటలో ప్రాణం లేదు. గెజిటెడ్ ఆఫీసర్ అటెస్ట్ చేసిన మాటలా ఉంటుంది. చీర చూసి మురిసిపోవాల్సిన మనిషికి అది చాలదు.

అఫర్డబుల్ అనే మాట కొనేవాళ్ల జేబు వైపు నుంచి చూస్తుంది: అందుబాటులో ఉన్నది అని. ‘అఫర్డబుల్ హ్యాండ్‌లూమ్స్’ అని పైన హెడ్డింగ్‌గా పెట్టుకోవచ్చు, అందరినీ ఉద్దేశించినది కాబట్టి బాధ లేదు. ఒక్క మనిషికి విడిగా రాసేటప్పుడు మాత్రం జాగ్రత్త. ‘దిస్ ఈజ్ అఫర్డబుల్ ఫర్ యూ’ అన్నారనుకోండి, ‘ఇది మీ తాహతుకు తగ్గది’ అన్నట్టు వినిపిస్తుంది. ఆమె పర్సులోకి మీరు తొంగి చూసినట్టే.

నాకు అన్నిటికంటే నచ్చేది రీజనబుల్. మన సరసమైన ధరకు దగ్గర. అడిగినవాడూ ఇచ్చేవాడూ ఇద్దరూ న్యాయం అనుకునే ధర అది. ఇందులో తక్కువ అన్న మాటే లేదు చూడండి. పదివేల పట్టుచీర కూడా రీజనబుల్ కావచ్చు, చీప్ మాత్రం కాదు. కాకపోతే ఇది ధరకు వాడే మాట, చీరకు కాదు. రీజనబుల్ శారీ అంటే మన మాట వినే చీర అన్నట్టవుతుంది. ‘రీజనబుల్ ప్రైస్’ అనండి, లేదా ‘రీజనబ్లీ ప్రైస్డ్’ అనండి.

ఎకనామికల్ జోలికి పోకండి. అది వాడకంలో పొదుపు చేసేదానికి, మైలేజీ ఇచ్చే బండికి, ఎక్కువ రోజులొచ్చే సబ్బుకు. బడ్జెట్ కూడా ఫోన్లకూ హోటళ్లకూ వదిలేయండి, ఆ మాట వెనక ఎక్కడో కోత పెట్టారన్న ధ్వని ఉంటుంది. వినడానికి సరదాగా ఉంటుందని చెప్తున్నా, బడ్జెట్ అసలు పుట్టింది పాత ఫ్రెంచిలో చిన్న తోలుసంచికి పేరుగా. కాస్ట్ ఎఫెక్టివ్ అనేది ఇంజనీర్ల మాట, పెట్టిన ఖర్చుకు మించిన ఫలితం అని. 2013 నవంబర్ 5న ఎగిరిన మంగళయాన్‌కు సుమారు 450 కోట్లు అయ్యాయి. దాన్ని ‘చీప్’ అంటే మన మనసు చివుక్కుమంటుంది, కాస్ట్ ఎఫెక్టివ్ అంటే ఛాతీ ఉబ్బుతుంది. పెట్టిన డబ్బు అదే.

మనుషుల విషయంలో మరీ జాగ్రత్త. ఎవరైనా అమెరికా ఆమె తన భర్తను నవ్వుతూ ‘హి ఈజ్ చీప్’ అంటే, నీచుడని కాదు, పిసినారి అని. అదే గుణాన్ని మెచ్చుకోవాలంటే థ్రిఫ్టీ అనో ఫ్రూగల్ అనో అంటారు, పొదుపరి అన్నట్టు. మా ఇంట్లో ఈ రెండు మాటలూ నాకే వర్తిస్తాయి, ఏ పూట ఏది అన్నది మా ఆవిడ నిర్ణయం.

అగ్గువ గురించి ఇంత చెప్పి పిరం గురించి చెప్పకపోతే అన్యాయం. మన పిరం ప్రియం నుంచి వచ్చింది. ప్రియం అంటే ఇష్టం, ప్రియం అంటే ఎక్కువ ధర కూడా. ఇంగ్లీషులో డియర్ సరిగ్గా ఇంతే. ఉత్తరం మొదట్లో డియర్ అంటే ప్రియమైన, ఇంగ్లండ్ అంగట్లో ‘టూ డియర్’ అంటే పిరమైంది. ఎక్కడో ఉన్న రెండు భాషలు మాట్లాడుకోకుండానే ఒకే మాట మీదికి వచ్చాయి. అగ్గువకైతే మీ ఇంటి పక్కనే తోడు ఉంది. సరిహద్దు దాటి యాదగిరి వైపు పోతే కన్నడంలో అగ్గ అంటారు, మీకు నేను చెప్పాలా! వాళ్లు కూడా చౌకబారు ప్రచారాన్ని ‘అగ్గద ప్రచార’ అనే రాస్తారు.

అడగకపోయినా ఒక వ్యాకరణం సంగతి. మీరు పంపిన ఫొటోల కింద ఒకచోట ‘చీప్ ప్రైస్’ అని ఉంది. ఇంగ్లీషులో వస్తువు చీప్, ధర లో. ‘లో ప్రైస్’ అనాలి. మనకు ఈ పొరపాటు ఎందుకు వస్తుందంటే, తెలుగులో చౌకధర అనే మాట ఉంది. కంట్రోల్ దుకాణానికి సర్కారు పెట్టిన తెలుగు పేరు చౌకధరల దుకాణం. అదే దుకాణం ఇంగ్లీషు పేరు మాత్రం ఫెయిర్ ప్రైస్ షాప్, న్యాయమైన ధర. ఇంగ్లీషు పేరు పెట్టినవాళ్లకు కూడా చీప్ అని బోర్డు మీద రాయడానికి చెయ్యి రాలేదన్నమాట.

మరి ఏం రాయాలి? నా సలహా ఏమిటంటే ఏ విశేషణమూ వద్దు. 1983లో ఎన్టీఆర్ తెచ్చిన పథకాన్ని జనం రెండు రూపాయల బియ్యం అన్నారు. చవక బియ్యం అని ఎవరూ అనలేదు. అంకె చెప్తే చాలు, తక్కువో ఎక్కువో వినేవాళ్లకే తెలుస్తుంది. అంకె పక్కన కారణం చెప్పండి. ఆ బండి దగ్గర ‘గింత అగ్గువకెందుకు’ అని అడిగారే, దానికి జవాబు ముందే ఇచ్చేయండి. మీ దగ్గర నిజమైన కారణాలు ఉన్నాయి. మధ్యలో సేటు లేడు, మగ్గం నుంచి నేరుగా కొన్నవాళ్ల ఇంటికే. మీ ఊళ్లో ఒకే పడుగు మీద వరసగా ఎనిమిది చీరల దాకా నేస్తారు కాబట్టి, చీర చీరకూ కొత్తగా పడుగు ఎక్కించే శ్రమ కలిసివస్తుంది. ఇలాంటివి చెప్తే తక్కువ ధర తెలివిగా కనిపిస్తుంది, నాసిరకంగా కనిపించదు.

హెడ్డింగ్‌గా ఇలా పెట్టండి: ‘హ్యాండ్‌వోవెన్ నారాయణపేట్ కాటన్, డైరెక్ట్ ఫ్రమ్ అవర్ లూమ్’. దాని కింద ధర. ఆ కింద ఒక్క వాక్యంలో గళ్లు ఏ రంగు, అంచు ఎన్ని వేళ్లు, మొదటి ఉతుకు ఎలా ఉతకాలి. ఫొటోల్లో ఒకటి చీర వెనక వైపుది, ఒకటి మీ మామయ్య మగ్గం మీద కూర్చుని నేస్తుండగా తీసింది ఉండాలి. కొనేవాళ్ల బొటనవేలికి బదులు అవే.

పోయిన ఆర్డరు ఇంకా పోలేదనే నా నమ్మకం. ఆమె కోపంతో బ్లాక్ చేయలేదు, పెట్టుపోతలకు కావాలని కారణం కూడా చెప్పింది. ఇంగ్లీషు వద్దు, ఆమె తెలుగులో రాసింది కాబట్టి తెలుగులోనే రాయండి: ‘అమ్మా, మాట రాయడం నాకు సరిగ్గా తెలియలేదు, చీర నేయడం మా వాళ్లకు తెలుసు. ఒక చీర పంపిస్తాను, చేత్తో పట్టి చూడండి. నచ్చకపోతే తిప్పి పంపండి, కొరియర్ ఖర్చు నాది. నచ్చితే మిగతా ఇరవై నాలుగు చెప్పిన తేదీకి అందిస్తాం.’ పంపే చీర మాత్రం మీ ఆయనను ఎంచమనకండి, మీరే ఎంచండి.